మట్టెవాడలో కిరాయి గది

మేడారం జాతర జరిగిన ఏడాది పుట్టింది కాబట్టి మొండయ్య తన బిడ్డకు సారలమ్మ అని పేరు పెట్టుకున్నాడు. ఆ పేరు పదో తరగతి దాకా నిలిచింది. పరీక్ష ఫీజు కట్టేటప్పుడు హెడ్మాస్టరు ఆమె ముఖం వంక చూసి, "ఇది పల్లెటూరి పేరు, ముందుముందు ఉద్యోగాల దగ్గర బాగుండదు" అని, ఎవరినీ అడగకుండానే సరళ అని రాసేశాడు. ఆయన చెడు తలచి చేసిన పని కాదు. ఇంట్లో మాత్రం ఆమె సారక్కగానే ఉండిపోయింది.

వాళ్లది పరకాల దిక్కున ఒక చిన్న ఊరు. ఊరి చివర మాదిగవాడలో ఇల్లు. సారలమ్మకు ఊహ తెలిసే వయసులో మొండయ్యకు రైల్వేలో గ్యాంగ్‌మన్ పని దొరికింది. పట్టాల కింద కంకర సర్దడం, బోల్టులు బిగించడం, ఎండలో వానలో లైను వెంట నడవడం. భార్య భద్రమ్మను, బిడ్డను తీసుకుని కాజీపేట క్వార్టర్లకు వచ్చేశాడు. అక్కడ ఒకవైపు తమిళ ఫిట్టరు కుటుంబం, ఇంకోవైపు క్రైస్తవుల ఇల్లు, ఎదురుగా మరాఠీ మాట్లాడే వాళ్లు. కులం లేదని కాదు. అందరికీ వేళ కాని వేళల్లో డ్యూటీలు, అందరికీ ఒకటే నల్లా. ఒకరి సంగతి ఒకరు తవ్వుకునే తీరిక తక్కువగా ఉండేది.

ఎండాకాలం సెలవులకు ఊరికి పోయినప్పుడే సారలమ్మకు మిగతాది తెలిసింది. ఊళ్లో చాయ హోటలు ఉండేది. వాడ వాళ్ల గ్లాసులు బయట చూరు కింద చెక్కి ఉండేవి. తాగేవాళ్లు వాటిని దించుకుని, పైనుంచి పోసిన చాయ తాగి, కడిగి, మళ్లీ అక్కడే పెట్టాలి. "లోపల గ్లాసులున్నయి గదా అవ్వా" అని చిన్న సారలమ్మ గట్టిగానే అన్నది. భద్రమ్మ వెంటనే బిడ్డ జబ్బను గట్టిగా గిల్లింది. ఆ గిల్లుడులో కోపం లేదని, భయమే ఉందని సారలమ్మకు చాలా ఏళ్లకు గానీ తోచలేదు. అప్పటికి భద్రమ్మ లేదు. బిడ్డ డిగ్రీ చదువుతుండగా కామెర్లతో పోయింది.

సారలమ్మ ఇంగ్లీషులో ఎం.ఏ. చదివింది. ఆమె హాస్టల్లో ఉండగానే మొండయ్య రిటైరై, క్వార్టరు అప్పజెప్పి, ఊరికి వెళ్లిపోయాడు. పందొమ్మిది వందల డెబ్బై తొమ్మిదిలో హనుమకొండలో ఒక ఆడపిల్లల జూనియర్ కాలేజీలో ఆమెకు లెక్చరర్ పని వచ్చింది. పని వచ్చింది గానీ ఉండటానికి చోటు లేదు.

కాలేజీలో లైబ్రరీ చూసే నిర్మల ఆమెకు డిగ్రీ నుంచీ స్నేహితురాలు. ఇద్దరూ కలిసి ఇళ్లు వెతికారు. హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక రిటైరైన గుమాస్తా ఇంట్లో గది చూపించారు, కిరాయి కుదిరింది, చివరికి ఆయన "ఇంతకూ మీరేమోళ్లు?" అన్నాడు. సారలమ్మ చెప్పింది. ఆయన గోడ వైపు చూసి, "అర్రకు సున్నం వేయించేదున్నది, దసరా దాటినంక చూద్దాం తియ్" అన్నాడు. రెండో ఇంట్లో ఆడమనిషి కులం అడగలేదు. ఇంటిపేరు అడిగింది, ఊరు అడిగింది, తర్వాత "ఊళ్లె ఏ దిక్కున మీ ఇల్లు?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు విన్నాక ఆ గది కూడా ఖాళీగా లేదని తేలింది.

బయటికొచ్చాక నిర్మల, "ఈసారి నేను మాట్లాడుత. నువ్వు నోరు తెరవకు" అన్నది.

మూడో ఇల్లు మట్టెవాడలో. ముందు బట్టల దుకాణం, వెనుక పెద్ద వాకిలి, వాకిట్లో చేదబావి, బావికి అటువైపు విడిగా ఒక గది. ఇంటావిడ లక్ష్మీనర్సమ్మ. కోమట్ల ఇల్లు. భర్త పోయి పదేళ్లు దాటింది, దుకాణం కొడుకు పాండురంగం చూసుకుంటున్నాడు. నిర్మల వాళ్లది కొత్తవాడ, పద్మశాలీలు. వాళ్ల నాయన నేసిన జంపఖానాలు ఈ దుకాణానికే వస్తాయి. అందుకని లక్ష్మీనర్సమ్మ నిర్మలను చిన్నప్పటి నుంచీ ఎరుగును.

"నౌకరి చేసే పిల్ల, మంచిదే. మరి ఏమోళ్లు?" అన్నది లక్ష్మీనర్సమ్మ.

"మావోళ్లే పెద్దమ్మా. వాళ్ల నాయన రైల్వేల చేసిండు" అన్నది నిర్మల, తడుముకోకుండా.

లక్ష్మీనర్సమ్మ సారలమ్మ వైపు తిరిగింది. సారలమ్మ ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. బస్సుల్లో తిరిగి తిరిగి కాళ్లు పీకుతున్నాయి. గదికి కిటికీ ఉంది, కిటికీలోంచి వేపకొమ్మ కనిపిస్తోంది. ఆమె తల వంచుకుని నిలబడింది. ఆ ఊకుండుడునే లక్ష్మీనర్సమ్మ అణకువ అనుకుంది. మరుసటి ఆదివారం సారలమ్మ ట్రంకు పెట్టెతో దిగింది.

అబద్ధం చెప్పింది నిర్మలే అయినా, దానితో కాపురం చేయాల్సింది సారలమ్మ. మొదటి నెలలోనే లక్ష్మీనర్సమ్మ ఒక జంపఖానా తెచ్చి ఆమె ముందు పరిచింది. "జర చూడు బిడ్డా, నేత గట్టిగుందా? మీకు తెల్వనిదా" అన్నది. సారలమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, అంచు పట్టుకుని లాగి, "మంచిగనే ఉన్నదమ్మా" అన్నది. ఆ వారమే కొత్తవాడకు పోయి నిర్మల వాళ్ల ఇంట్లో మగ్గం ముందు కూర్చుంది. పడుగు ఏది, పేక ఏది, రంగు దిగే నూలును ఎట్లా గుర్తుపట్టాలి అని అడిగి తెలుసుకుంది. నిర్మల తండ్రి ఆమె శ్రద్ధకు మెచ్చుకున్నాడు. నిర్మల పడీపడీ నవ్వింది. సారలమ్మ నవ్వలేదు.

ఇంట్లో ఆమె నడక మారింది. బావి దగ్గర చేద వేసేటప్పుడు ఎవరైనా చూస్తున్నారేమోనని ఒకసారి వెనక్కి చూసేది. లక్ష్మీనర్సమ్మ వంటింటి గడప ఎవరినీ తొక్కనివ్వదు, నిర్మలనూ తొక్కనివ్వదు. అయినా సారలమ్మ ఆ గడపకు అందరికంటే ఇంకాస్త దూరంలో నిలబడేది. మాటల్లో వాడ యాస దొర్లకుండా నాలుకను అదుపులో పెట్టుకుంది. చుట్టాలు ఎవరూ రారేమని అడిగితే, ఊళ్లో పనులని చెప్పేది.

లక్ష్మీనర్సమ్మ ఆమెను బాగా చూసుకుంది. అదే కష్టంగా ఉండేది. పండగకు బొబ్బట్లు పంపేది, తల నొస్తే శొంఠి అరగదీసి పంపేది, సాయంత్రాలు వాకిట్లో కూర్చోబెట్టుకుని పెళ్లినాటి సంగతులు చెప్పేది. "ఈ ఇంట్ల నాతోని కూసుండి ముచ్చట పెట్టేది నువ్వొక్కదానివే" అనేది.

మొండయ్య నెలకోసారి వరంగల్ వచ్చేవాడు. తండ్రీ బిడ్డా బస్టాండులోనే కలుసుకునేవారు. క్యాంటీను బయట బల్ల మీద కూర్చుని చాయ తాగి, గంటో రెండు గంటలో మాట్లాడుకుని, ఆయన తిరుగు బస్సెక్కేవాడు. గది చూస్తానని ఆయన ఎన్నడూ అడగలేదు. రమ్మని ఆమె ఎన్నడూ అనలేదు. ఎందుకో చెప్పుకోవాల్సిన అవసరం ఇద్దరికీ రాలేదు.

రెండో ఏడు వానాకాలంలో సారలమ్మకు జ్వరం తగిలింది. మొండయ్య బస్టాండులో మధ్యాహ్నం దాకా ఎదురుచూశాడు. బిడ్డ రాలేదు. కాలేజీకి పోయి, అక్కడి నౌకరు చెప్పిన గుర్తులు పట్టుకుని మట్టెవాడ గల్లీలన్నీ తిరిగి, చివరికి ఆ ఇంటి ముందుకొచ్చాడు. భుజాన మక్కకంకుల సంచి. అప్పటికే ఒక కన్నుకు పొర కమ్ముతోంది.

"ఎవరు నువ్వు? ఎవరు కావాలె?" అన్నది లక్ష్మీనర్సమ్మ గడపలో నిలబడి.

ఆ మాట విని సారలమ్మ దుప్పటి కప్పుకుని గది బయటికి వచ్చింది. తండ్రి ఆమెను చూశాడు. ఆమె ముఖంలో ఏం కనిపించిందో ఏమో, భుజం మీది సంచి దించి కింద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగాడు.

"సావుకారమ్మా, నేను జీతగాన్ని. మా పటేలు పంపిండు. బిడ్డకు కంకులిచ్చి, ఎట్లున్నదో చూసి రమ్మన్నడు."

"అట్లనా. పిల్లకు జ్వరమొచ్చింది. ఇయ్యాల జర నయం. మీ పటేలుకు ఫికర్ పడొద్దని చెప్పు."

"చెప్తనమ్మా. జర మంచిగ చూసుకోండ్రి. తల్లి లేని పిల్ల."

దూరం నుంచి వచ్చాడని లక్ష్మీనర్సమ్మ నీళ్లు తెచ్చింది. మొండయ్య మెట్టు కింద వంగి, దోసిలి పట్టి, నోటికి ఆనించాడు. ఆమె మెట్టు మీద నుంచి చెంబుతో పోసింది. నీళ్లు మోచేతుల మీదుగా కారి పంచె తడిసింది. తాగి, మూతి తుడుచుకుని, "పోయొస్త బిడ్డా" అని సారలమ్మకు చెప్పి వెళ్లిపోయాడు. ఆయన గల్లీ మలుపు తిరిగేదాకా సారలమ్మ గడప దగ్గరే నిలబడింది. ఒక్క మాట కూడా పెగల్లేదు. జ్వరం వల్ల అని తర్వాత తనకు తాను చెప్పుకుంది. కొన్ని రోజులు ఆ మాట నమ్మింది కూడా.

కంకుల్లో సగం లక్ష్మీనర్సమ్మ మనవలకు కాల్చిపెట్టారు. పచ్చి పంటకు మైల ఉండదు.

తర్వాతి నెల బస్టాండులో తండ్రి ఆ సంగతి ఎత్తలేదు. సారలమ్మే, "బాపూ, ఆ రోజు..." అని మొదలుపెట్టింది.

"జ్వరం తగ్గింది గదా" అన్నాడు మొండయ్య. "చాయల చక్కెర తక్కువైంది, ఇంకింత వేయించు."

ఆ ఏడాది ఇంటర్ పిల్లలకు ఇంగ్లీషులో ఒక అమెరికా కథ పాఠంగా ఉంది. అక్కడి దక్షిణాదిలో ఒక పెద్ద నది, దాన్ని దాటించే పడవ. పడవలో ముందు కప్పు కింద బల్లలు తెల్లవాళ్లకు. వెనక కప్పు లేని బల్లలు నల్లవాళ్లకు. బట్టలుతికే ఒక నల్ల ముసలామె, ఇస్త్రీ చేసిన బట్టల మూటతో ఎక్కుతుంది. వాన మొదలవుతుంది. మూట తడిస్తే పని పోతుంది. అందుకని కప్పు కింద, చిట్టచివరి బల్ల అంచున కూర్చుంటుంది. నది దాటేంతసేపూ ఎవరూ ఆమెను ఏమీ అనరు. ఎదురుగా కూర్చున్న మనిషి జేబులో చెయ్యి పెడితే ఉలిక్కిపడుతుంది. అతను తీసింది రుమాలు. ఒక పాప తనను చూసి నవ్వితే తల తిప్పుకుంటుంది. ఒడ్డు వస్తుంది. దిగుతుంది. దిగిన తర్వాత కాళ్లు నిలవక, అంతసేపు తడవకుండా కాపాడిన మూట మీదే బురదలో కూలబడుతుంది. అంతటితో కథ అయిపోతుంది.

సారలమ్మ పాఠం చదివి, తెలుగులో అర్థం చెప్పింది. ముందు బెంచీలో కూర్చునే భారతి లేచింది. మట్టెవాడలో ధాన్యం వ్యాపారి కూతురు, చురుకైన పిల్ల.

"మేడం, ఏమీ జరగలేదు గదా. ఇందుల కథేమున్నది?"

"ఏమీ జరగదని చదివే మనకు చివరికి తెలుస్తది. కూసున్నంతసేపు ఆమెకు తెల్వదు. అదే కథ" అన్నది సారలమ్మ. చెప్పాక ఆ మాట తనకే కొత్తగా వినిపించింది. వెంటనే పరీక్ష సంగతిలోకి వెళ్లిపోయింది. ఈ పాఠంలో వర్ణవివక్ష, భయం అనే రెండు అంశాల మీద పెద్ద ప్రశ్న వస్తుంది, జవాబు రాసుకోండి అని బోర్డు మీద వాక్యాలు రాయసాగింది. ఇవన్నీ ఒకప్పుడు అమెరికాలో ఉండేవి, తర్వాత చట్టాలు వచ్చి మారాయి అనేది చివరి వాక్యం.

మధ్య వరసలోంచి పూలమ్మ లేచింది. వర్ధన్నపేట దిక్కు పిల్ల, హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఎక్కువ మాట్లాడదు.

"మేడం, మా ఊళ్లె హోటల్ల మాకు గ్లాసులు బయటనే ఉంటయి. మా అన్న ఒకసారి లోపలి గ్లాసు ముట్టుకుంటే కొట్టిండ్రు. అది గూడ ఈ జవాబుల రాయొచ్చా?"

సుద్దముక్క సారలమ్మ వేళ్ల మధ్య ఉంది. ముందు బెంచీలో భారతి తనను చూస్తోంది. భారతి వాళ్ల ఇల్లు లక్ష్మీనర్సమ్మ ఇంటికి నాలుగిళ్ల అవతల.

"ప్రశ్నల ఏమడిగిండ్రో అదే రాయాలె" అన్నది సారలమ్మ. "పేపరు దిద్దేటోళ్లకు మన ఊరి ముచ్చట ఎందుకు?"

"అచ్ఛ మేడం" అని పూలమ్మ కూర్చుంది.

మరునాడు సారలమ్మ క్లాసుకు వచ్చేసరికి పూలమ్మ ఉన్న బెంచీలో ముగ్గురు ఉండాల్సింది ఒక్కతే ఉంది. పక్కన కూర్చునే ఇద్దరు వెనక బెంచీలో నలుగురి మధ్య ఇరుక్కుని కూర్చున్నారు. ఎవరూ ఏమీ అనలేదు, ఎవరూ ఎవరినీ లేపలేదు. మధ్యాహ్నం వరండాలో అన్నం తినేటప్పుడు కూడా సారలమ్మ చూసింది. పూలమ్మ స్తంభం పక్కన గోడ వైపు తిరిగి గబగబా తింటోంది. మూడు నెలలుగా ఆ పిల్లలంతా ఒకరి డబ్బాలోది ఒకరు తిన్నవాళ్లే.

ఆ సాయంత్రం సారలమ్మ లైబ్రరీలో నిర్మల దగ్గర కూర్చుంది.

"రేపు క్లాసుల నా సంగతి చెప్త."

నిర్మల చేతిలో పుస్తకాలు బల్ల మీద పెట్టింది. "నీకేమన్న పిచ్చా? ఆ భారతి సాయంత్రానికల్లా గల్లీ అంత చాటుతది."

"ఎరికే."

"నా సంగతేంది మరి? మా నాయన జంపఖానాలు వాళ్ల దుకాణంలనే పడుతయి. అబద్ధం చెప్పింది నేనన్న సంగతి మర్చిపోయినవా?"

నిజానికి సారలమ్మకు అంతవరకూ ఆ ఆలోచనే రాలేదు. "నీ పేరు చెప్పకుండ ఎట్లనో చెప్త" అన్నది. అది కుదరదని ఇద్దరికీ తెలుసు.

మర్నాడు ఆమె అటెండెన్సు తీసుకుని, పుస్తకం మూసింది. కుర్చీ వీపును పట్టుకుని నిలబడింది.

"మొన్న పూలమ్మ అడిగినదానికి నేను సక్కగ జవాబు చెప్పలే. రాయొచ్చు. అందరు రాయొచ్చు. మా ఊరి హోటల్ల గూడ మా గ్లాసులు బయట చూరు కింద ఉంటుండె. నేను మాదిగోళ్ల ఇంటి పిల్లను. నా పేరు సారలమ్మ." బోర్డు వైపు చూపించింది. "చట్టాలొచ్చి మారినయి అని రాయించిన గదా, ఆ వాక్యం కొట్టేయండ్రి."

నలభై మంది పిల్లలు ఆమె వైపు చూశారు. కొందరు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. కాసేపటికి కిటికీ పక్క పిల్ల ఒకతి భయపడుతూ చెయ్యెత్తింది. "మేడం, ఆ వాక్యం కొట్టేస్తే మార్కులు తగ్గయా?"

సారలమ్మకు నవ్వొచ్చింది. "తగ్గయి" అన్నది, నిజంగా తెలియకపోయినా.

గంట కొట్టాక, కాజీపేట నుంచి వచ్చే ఒక రైల్వే డ్రైవరు కూతురు తన సంచి తీసుకుని వెళ్లి పూలమ్మ పక్కన కూర్చుంది. మిగతావాళ్లు కూర్చోలేదు. ఆ ఏడాది చివరి దాకా ఆ బెంచీలో ఇద్దరే ఉన్నారు.

భారతి ఇల్లు చేరకముందే చెప్పాలని సారలమ్మ ఆ రోజు నడవకుండా రిక్షా ఎక్కింది. లక్ష్మీనర్సమ్మ వాకిట్లో చాప మీద కూర్చుని దీపానికి వత్తులు చేస్తోంది.

"అమ్మా, ఒక ముచ్చట చెప్పాలె."

"చెప్పు బిడ్డా. గట్ల నిలబడ్డవేంది?"

"నేను పద్మశాలీల పిల్లను కాదు. మాది మాదిగవాడ. మొదటి రోజే చెప్పాల్సింది. భయపడి ఊకున్న."

లక్ష్మీనర్సమ్మ వేళ్లు ఆగలేదు. దూది తీసుకుని, అరచేతిలో మెలి తిప్పి, వత్తిని పళ్లెంలో పెట్టింది.

"ఇంకెవరికన్న చెప్పినవా?"

"క్లాసుల అందరి ముంగట చెప్పిన."

అప్పుడు ఆగింది చెయ్యి. "ఎందుకు చెప్పినవు?" అన్నది. కోపంగా అనలేదు. ఏదో చేయిజారి పగిలిపోతే అడిగినట్టు అడిగింది. "నాకు తెల్వదనుకున్నవా? కంకులు తెచ్చిన్నాడే తెలిసింది. మగ్గం నేసే సాలోళ్లకు పటేలెక్కడోడు, జీతగాడెక్కడోడు? ఆయన దోసిలి పడుతాంటే నువ్వు నిలబడి చూసినవు. జీతగాన్ని ఎవరన్న అట్ల చూస్తరా?"

"మా బాపుకు నీళ్లు పోసేటప్పుడు తెలుసా మీకు?" అన్నది సారలమ్మ.

"పోస్తాంటే తెలిసింది. వంచిన చెంబు ఎట్ల ఆపుత?"

కాకి ఒకటి బావి గిలక మీద వాలి ఎగిరిపోయింది. లక్ష్మీనర్సమ్మ లోపలి వైపు చూసి గొంతు తగ్గించింది. "నాకొక్కదానికి ఎరికుంటే ఏమైతుండె? నా కడుపుల పెట్టుకున్న. ఇప్పుడు గల్లీ అంత అడుగుతది. ఆ బావి నీళ్లతోని మేం దేవునికి చేసినమా అంటరు. పెద్దమనవరాలికి సంబంధాలు చూస్తానం. నీకు నౌకరి ఉన్నది, ఇంకో ఇల్లు చూసుకుంటవు. నేనేడికి పోవాలె? వాళ్ల మధ్యలనే బతకాలె గదా."

అంతవరకూ ఆ ఇంట్లో భయపడేది తనొక్కతే అనుకుంది సారలమ్మ. వాకిట్లో ఆ పెద్దావిడ ముఖం చూస్తే జాలి కలిగింది. జాలి కలిగినందుకు తన మీద తనకే చిరాకు కూడా కలిగింది.

"ఇల్లు దొరికేదాక ఉంటనమ్మా. తొందరగనే చూసుకుంట."

"ఉండు" అన్నది లక్ష్మీనర్సమ్మ. వత్తుల పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

పొద్దున సారలమ్మ నీళ్లకు పోతే గిలక మీద తాడు లేదు, చేద లేదు. కాసేపటికి లక్ష్మీనర్సమ్మే వచ్చి, తాడు వేసి, వయసు మీరిన చేతులతో తోడి, బకెట్‌లో నీళ్లు పోసింది. ఎత్తు నుంచి, చేద అంచు బకెట్‌కు తగలకుండా. సారలమ్మ గది ఖాళీ చేసేదాకా రోజూ అట్లాగే పోసింది. పనిమనిషితో చేయించలేదు. ఎందుకు చేయించలేదో సారలమ్మకు ఇప్పటికీ తెలియదు. పాండురంగం మాత్రం ఒక్కసారి కూడా ఎదురుపడలేదు. సామాను వెళ్లేనాడు దుకాణంలోంచే రిక్షావాణ్ణి పిలిచి పంపాడు.

ఆమె వెళ్లాక బావి నీళ్లన్నీ తోడించారని, వాకిలంతా కడిగించారని తర్వాత తెలిసింది. నిర్మల వాళ్ల జంపఖానాలను ఆ దుకాణం ఆర్నెల్ల పాటు తీసుకోలేదు. ఆ ఆర్నెల్లూ నిర్మల సారలమ్మతో మాట్లాడలేదు. లైబ్రరీలో ఎదురైతే పుస్తకాల వైపు తిరిగేది. దుకాణం మళ్లీ సరుకు తీసుకోవడం మొదలుపెట్టిన తర్వాత ఒకరోజు తనే వచ్చి, "నీ మీద ఇంకా కోపమున్నది. చాయకు పోదాం నడువు" అన్నది.

కాజీపేటలో ఇల్లు వెతికేటప్పుడు సారలమ్మ పద్ధతి మార్చింది. వాళ్లు అడగకముందే తనే చెప్పేది. రెండు ఇళ్లలో అక్కడికక్కడే కాదన్నారు. ఆ మాట ఆమెను గుచ్చింది గానీ, ఊరు, ఇంటిపేరు, దిక్కు అంటూ సాగే ఆ ముట్టడి కంటే సులువుగానే అనిపించింది. మూడో ఇల్లు ఎల్లస్వామిది. ఇంజన్ల మీద ఫైర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. ఆమె చెప్పింది విని, "అది నేనడిగిన్నా బిడ్డా?" అన్నాడు. "నా కొడుక్కు రాత్రి డ్యూటీలు, పగటిపూట పండుకుంటడు. రేడియో పెద్దగ పెట్టవు గదా? అది చెప్పు."

"నాకు రేడియో లేదు."

"అయితే రేపే రా."

ఆ చలికాలం ముగిసేలోగా మొండయ్యను కూడా తెచ్చుకుంది. ఆయన రావడానికి అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. వచ్చాక కూడా మొదట్లో ఎవరైనా "ఎవరు పెద్దాయన నువ్వు?" అని అడిగితే జవాబు చెప్పకుండా బిడ్డ ముఖం వైపు చూసేవాడు. ఈ ఇంట్లో తను ఏమని చెప్పాలో ఆమె చెబుతుందని ఎదురుచూసేవాడు. పాలవాడి ముందూ అంతే, పక్కింటివాళ్ల ముందూ అంతే. ప్రతిసారీ సారలమ్మే, "మా బాపు" అనేది. అనేటప్పుడు మెట్టు కింద దోసిలి పట్టిన మనిషి కళ్ల ముందు మెదిలేవాడు. ఆ రోజు సంగతి వాళ్లిద్దరూ ఆ తర్వాత కూడా మాట్లాడుకోలేదు. మాట్లాడితే ఎవరు ఎవరిని ఓదార్చాలో తెలియని వ్యవహారం అది.

భయం పోయిందా అని ఒకసారి నిర్మల అడిగింది. పోలేదని సారలమ్మ నిజమే చెప్పింది. కొత్త మనిషి ఊరి పేరు అడిగితే ఇప్పటికీ ఆ భయం మొదలవుతుంది. కాకపోతే చెప్పిన తర్వాత తగ్గుతుంది.

ఆ కథ పాఠంగా ఉన్నన్నాళ్లూ ఆమె దాన్ని ఏటా చెప్పింది, ఏటా పిల్లల ఊళ్ల సంగతులు అడిగింది. కొన్నేళ్లు ఎవరూ నోరు తెరవలేదు. కొన్నేళ్లు గంట కొట్టినా ఆగలేదు. ఒక తండ్రి వచ్చి, ఇంగ్లీషు చెప్పమంటే కులాలు చెబుతున్నారని ప్రిన్సిపాలుకు ఫిర్యాదు చేశాడు. ప్రిన్సిపాలు ఆమెను పిలిపించి జాగ్రత్తగా ఉండమన్నాడు. ఆమె సరేనని, జాగ్రత్తగానే చెప్పింది. పూలమ్మ ఇంటర్ పాసై టీచర్ ట్రైనింగుకు వెళ్లింది. ఆ తర్వాత ఆమె సంగతి తెలియలేదు.

ఎనభై అయిదులో మొండయ్య కన్ను పూర్తిగా మసకబారింది. హనుమకొండలో ఒక కళ్ల దవాఖానలో ఆపరేషన్ చేయించారు. కట్టు విప్పే రోజు సారలమ్మ చుక్కల మందు తేవడానికి బయటికి వెళ్లి, తిరిగి వచ్చేసరికి లోపల నర్సు గొంతు వినిపించింది.

"తాతా, నీ వెంట ఎవరచ్చిండ్రు?"

సారలమ్మ తలుపు దగ్గర ఆగింది. తండ్రికి తను కనిపించదు. ఏమని చెప్పాలో అని ఆయన తిరిగి చూడటానికి ఎదురుగా బిడ్డ ముఖం లేదు.

"నా బిడ్డ అచ్చింది" అన్నాడు మొండయ్య. "సారలమ్మ. కాలేజిల ఇంగ్లీషు చెప్తది. నేను గ్యాంగ్‌మన్ చేసిన. ఏం చదువు చెప్పిచ్చిననుకున్నవ్, ఎం.ఏ.! వాళ్లవ్వ ఉంటేనా..."

"తాతా, కన్ను కదిలియ్యకు" అన్నది నర్సు.

"కదిలిస్తలే. వాళ్లవ్వ ఉంటే ఇయ్యాల ఈడనే ఉంటుండె. మేం కిరాయికున్నది ఎల్లస్వామి ఇంట్ల, నీకెరికేనా, స్టేషన్ దగ్గర..."

"మాట్లాడకుంట కూసో తాతా, జర!"

మొండయ్య కూర్చున్నాడు గానీ మాట ఆపలేదు. సారలమ్మ మందుసీసా పట్టుకుని, ఆయన చెప్పడం అయ్యేదాకా తలుపు బయటే నిలబడింది.